కార్డులా, ఆడియోనా? కొత్త భాషలో మాటలు నిలవాలంటే ఏది ఎంచుకోవాలి

జర్మన్ అంకెలు నాకు కొట్టిన పిండి అనుకునేవాణ్ని. ఫోన్‌లో ఫ్లాష్‌కార్డు (ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉండే కార్డు) మీద 47 కనబడడం ఆలస్యం, ‘జీబెన్ ఉంట్ ఫియర్‌ట్సిష్’ అనేసేవాణ్ని. ఒకసారి వినికిడి పరీక్షలో గది నంబరు రాయమన్నారు. స్పీకర్‌లో సరిగ్గా అదే మాట వినిపించింది. నేను 74 అని రాసి, తృప్తిగా పెన్ను కింద పెట్టాను. జర్మన్‌లో ఆ అంకెను ‘ఏడూ నలభై’ అన్నట్టు చెబుతారు, ఒకట్ల స్థానం ముందు వస్తుంది. చెవికి ఏడు ముందు తగిలింది, చెయ్యి ఏడే ముందు రాసింది.

ఆ కార్డును అప్పటికి పాతిక సార్లయినా చూసి ఉంటాను. చెవిన పడడం మాత్రం అదే మొదటిసారి.

‘ఆ మాట నాకు వచ్చు’ అని తేలిగ్గా అనేస్తాం గానీ, అందులో మూడు పనులున్నాయి. చూస్తే పోల్చుకోవడం ఒకటి, వింటే పోల్చుకోవడం ఒకటి, అవసరమైనప్పుడు నోటికి రావడం ఇంకొకటి. ఒకటి వచ్చినంత మాత్రాన మిగతా రెండూ వెంట వచ్చేయవు. ‘ఏ యాప్ మంచిది’ అని అడిగేవాళ్లందరికీ నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: మాట మీకు ఎక్కడ జారిపోతోంది?

తెలుసుకోవడం కష్టమేం కాదు. ఈమధ్య నేర్చుకున్న మాటలు ఓ 20 తీసుకోండి. ముందు చదివి అర్థం చెప్పండి. మర్నాడు అవే మాటల వరస మార్చి, ఫోన్‌తో చదివించుకుని, కళ్లు మూసుకుని అర్థం చెప్పండి. ఆ మరుసటి రోజు అర్థం మాత్రమే చూస్తూ మాటను పైకి అనండి. మూడు రోజుల మార్కులూ పక్కపక్కన రాసుకోండి. నాకు మొదటిసారి వచ్చినవి 19, 11, 8. రెండో మార్కు పడిపోతే ఆడియో కావాలి. మూడోది పడిపోతే కార్డును తిరగేసి వాడాలి, నోరు తెరవాలి. మొదటిదే తక్కువగా ఉంటే మామూలు కార్డులతో మొదలుపెట్టండి, మిగతా హంగులు తర్వాత చూసుకోవచ్చు.

కార్డు ఎందుకు పనిచేస్తుంది

కార్డులో అసలు బలమంతా ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఆ రెండు మూడు సెకన్లలో ఉంది. మాట గుర్తురాక బుర్ర గోక్కునే సమయం అది. 2008లో ‘సైన్స్’ పత్రికలో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు ప్రచురించిన ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పాక కూడా ఆ మాటల మీద పరీక్షలు ఆపకుండా కొనసాగించినవాళ్లు వారం తర్వాత 80 శాతం దాకా చెప్పగలిగారు. పరీక్షలు ఆపేసి, చదవడం మాత్రం కొనసాగించినవాళ్లు 35 శాతం దగ్గరే ఆగిపోయారు. అంటే లిస్టును పదిసార్లు తిరగేయడం కన్నా, లిస్టు మూసేసి తడుముకోవడం మేలన్నమాట.

ఇక ఎంత విరామం ఇవ్వాలన్నది రెండో సంగతి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో అచ్చువేశాడు. మరుపు మొదట్లో జోరుగా ఉండి, పోనుపోను నెమ్మదిస్తుంది. అందుకే మొదట్లో దగ్గరదగ్గరగా, తర్వాత ఎడంఎడంగా చూసుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుంది. 1972లో జెబాస్టియన్ లైట్‌నర్ దీన్నే ఐదు అరల పెట్టెగా ప్రచారంలోకి తెచ్చాడు: సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరలోకి, తప్పినది మళ్లీ మొదటి అరలోకి. ముందు అరలను తరచుగా, వెనక అరలను అరుదుగా తీయాలి. మూడు నాలుగు వందల మాటల దాకా అట్టపెట్టె ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తుంది. కాకపోతే పెట్టెకు నోరు లేదు. ఉచ్చారణ తెలుగుకు దగ్గరగా ఉండే భాషకైతే పర్వాలేదు, ఫ్రెంచ్‌కో కొరియన్‌కో ఇది చాలదు.

కార్డు యాప్‌లు: దేని పని దానిదే

సీరియస్‌గా ఏళ్ల తరబడి నేర్చుకునేవాళ్లలో ఎక్కువగా వినబడే పేరు ఆంకీ. జపనీస్‌లో ఆ మాటకు కంఠస్థం అని అర్థం. 2006 నుంచి ఉంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్ యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి. (స్టోర్‌లో ఇంచుమించు అదే పేరుతో వేరే యాప్‌లు కనిపిస్తాయి, చూసుకుని దించుకోండి.) జవాబు చూశాక తప్పు, కష్టం, సరే, తేలిక అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కుతారు. దాన్నిబట్టి ఆ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో అదే లెక్క వేస్తుంది. చాలాకాలం సూపర్‌మెమో అనే పాత ప్రోగ్రాంలోని 1987 నాటి సూత్రం మీద నడిచింది. 2023 నుంచి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా అందులోనే ఉంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసుకోండి, మీరు నొక్కిన బటన్ల చరిత్రను చూసి మీ మరుపుకు తగ్గట్టు విరామాలు సరిచేస్తుంది.

చూడ్డానికి అందంగా ఉండదు. మొదటి రెండు సాయంత్రాలు సెట్టింగులకే పోతాయి. అయినా నా ఓటు దీనికే, కారణం ఒక్కటే. కార్డు ముందువైపు ఏముండాలో, వెనకవైపు ఏముండాలో పూర్తిగా మన ఇష్టం. ఒకసారి మాట, అర్థం, వాక్యం, ఆడియో ఎక్కిస్తే, దాన్నుంచే చూసే కార్డు, వినే కార్డు, చెప్పే కార్డు మూడూ పుట్టించవచ్చు. పైన చెప్పిన మూడు మార్కుల్లో ఏది తక్కువైతే ఆ రకం కార్డు పెంచుకోవచ్చు.

దీంతో దెబ్బ తినే చోటు కూడా చెప్పాలి. రోజుకు 20 కొత్త కార్డులని అది మామూలుగా పెట్టి ఇస్తుంది. మొదటివారం సరదాగానే ఉంటుంది. ప్రతి కొత్త కార్డూ రాబోయే రోజుల్లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చేదే కాబట్టి, కొన్ని వారాలకు ఆ 20 కాస్తా రోజుకు 150కి పైగా అవుతుంది. నేను ఒకసారి 12 రోజులు యాప్ తెరవలేదు. తెరిచేసరికి 900 కార్డులు కాచుకుని కూర్చున్నాయి. ఆ అంకె చూసి మూసేశాను, ఆరు నెలల దాకా మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు కొత్తవి రోజుకు 8. తక్కువే అనిపిస్తుంది గానీ, ఏడాదికి దాదాపు 3,000 మాటలు. బాకీ పడిపోతే కొత్తవి పూర్తిగా ఆపేసి, రోజుకు ఓ వంద చొప్పున తీర్చుకుంటూ పోవడమే.

క్విజ్‌లెట్ లాంటి సెట్ల యాప్‌ల దారి వేరు. మీ పుస్తకంలోని ఆరో పాఠం మాటలను ఒక సెట్‌గా ఎవరో ముందే ఎక్కించి ఉంటారు, రెండు నిమిషాల్లో మొదలుపెట్టొచ్చు. పది రోజుల్లో పరీక్ష ఉంటే, లేదా క్లాసంతా ఒకే పుస్తకం చదువుతుంటే ఇదే తీసుకోండి, ఆంకీ నేర్చుకుంటూ కూర్చోకండి. రెండేళ్ల తర్వాత కూడా మాట నిలవాలంటే మాత్రం దీన్ని నమ్ముకోలేం.

ఆటల్లాంటి యాప్‌లు అలవాటు చేస్తాయి, అది వాటి మంచి. కాని నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవడమంటే సగం పని వాళ్లే చేసిపెట్టడం. మాట్లాడేటప్పుడు ఎవరూ మనకు నాలుగు ఆప్షన్లు ఇవ్వరు. పైగా కొంతమందికి మాటల కన్నా స్ట్రీక్ (ఒక్కరోజూ తప్పకుండా చేసిన రోజుల లెక్క) పోతుందనే టెన్షన్ ఎక్కువైపోతుంది.

దించుకున్న డెక్కా, సొంతంగా చేసుకున్నదా

మొదటి వెయ్యి మాటలకు సొంతంగా కార్డులు తయారుచేయడం దండగ. అవి అందరికీ ఒకటే: రావడం, పోవడం, నిన్న, ఎందుకు. తరచుగా వాడే మాటల డెక్, అంటే ఎవరో తయారుచేసిపెట్టిన కార్డుల కట్ట, ఒకటి దించుకోండి. ఆ పైన దారి చీలిపోతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు సాయం లేకుండా చదవడానికి ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మాట, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని, మాటలు విని అర్థం చేసుకోవడానికి ఆరేడు వేలు చాలని భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో లెక్కకట్టాడు. అంత పెద్ద గుట్టలో మీకు ముందు ఏవి కావాలో దించుకున్న డెక్‌కు తెలియదు. నర్సుకు కావలసిన రెండో వెయ్యి వేరు, క్రికెట్ కామెంటరీ వినాలనుకునేవాడికి వేరు.

దించేముందు మధ్యలోంచి 20 కార్డులు తెరిచి చూడండి. నేను చూడకుండా దించిన 5,000 కార్డుల జర్మన్ డెక్‌లో నామవాచకాలకు లింగం లేదు. ఆ భాషలో చెంచా పుంలింగం (డేర్ లోఫెల్), ఫోర్కు స్త్రీలింగం (డీ గాబెల్), కత్తి నపుంసకం (డాస్ మెసర్). ఎందుకని అడక్కూడదు. మాటతో కలిపి నేర్చుకోకపోతే తర్వాత మొత్తం మళ్లీ తవ్వుకోవాల్సిందే. ఓ 700 కార్డులు నోటికొచ్చాక ఈ సంగతి తెలిసింది నాకు.

ఆడియో: ఖాళీ ఉందా లేదా చూడండి

ఆడియో పాఠాలన్నీ ఒక గాటన కట్టేయకండి. వాటిని వేరుచేసి చూడడానికి నేను పట్టుకునే గుర్తు ఒకటుంది: మాటకూ అర్థానికీ మధ్య ఖాళీ ఇస్తున్నారా?

‘వెయ్యి ముఖ్యమైన మాటలు, గంటన్నర ఆడియో’ అంటూ దొరికేవాటిలో మాట, వెంటనే అర్థం, మాట, వెంటనే అర్థం. తడుముకునే వ్యవధే లేదు. వింటున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. నిద్రపోతూ వినే వీడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు, నిద్రయినా సరిగ్గా పోండి.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఉన్నది పాల్ పిమ్స్‌లర్ పద్ధతి. 1967లో ఆయన ఒక పట్టిక ఇచ్చాడు. కొత్త మాటను 5 సెకన్లు గడిచాక ఒకసారి అడగాలి, తర్వాత 25 సెకన్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, ఒక రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, 4 నెలలకు, 2 ఏళ్లకు. ఆయన పేరుతో నడిచే అరగంట పాఠాల్లో ‘ఇది ఎలా అంటారు?’ అని అడిగి ఆగుతారు. ఆ ఖాళీలో మీరు పైకి అనాలి. మూడో మార్కు, అంటే నోటికి రావడం తక్కువగా ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి సాధనం నేను చూడలేదు. వంట చేస్తూనో నడుస్తూనో కానివ్వచ్చు, కళ్లతో పనిలేదు.

లోపాలు రెండు. అరగంటకు వచ్చే కొత్త మాటలు చాలా తక్కువ. రెండోది ఇంకా ముఖ్యమైనది: రికార్డయిన గొంతుకు మీరేం మర్చిపోయారో తెలియదు. మీకు వచ్చిన మాటనూ రానిదాన్నీ ఒకే తీరుగా అడుగుతుంది. కార్డు యాప్ మీ తప్పుల వెంట నడుస్తుంది, ఆడియో పాఠం వెంట మీరు నడవాలి. వీటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే తేల్చే తేడా ఇదే.

మధ్యేమార్గం చేత్తో చేసుకోవచ్చు. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి తెలుగు అర్థం చెప్పండి, మనసులో నాలుగు లెక్కపెట్టండి, ఆ భాష మాట వినిపించండి. మీ నోటితో వద్దు, డిక్షనరీ ఆడియోనో, ఆ భాష వచ్చినవాళ్ల గొంతో రికార్డర్ దగ్గర పెట్టండి. పదిహేను మాటలకు రెండు నిమిషాలు కూడా రాదు. వారం రోజులు విని చెరిపేయండి, మళ్లీ కొత్తవి. ఖర్చు లేదు, ఏ యాప్ రానివాళ్లకైనా చేతనవుతుంది.

ఎవరి గొంతు?

మెషీన్ గొంతు ఇప్పుడు చాలా మెరుగుపడింది. పూర్తి వాక్యాలకు నేను దాన్నే వాడతాను. ఒంటరి మాట దగ్గర మాత్రం బోల్తా పడుతుంది. ఇంగ్లిష్‌లో ‘చదువు’ అనే క్రియ వర్తమానంలో రీడ్, భూతకాలంలో రెడ్, స్పెల్లింగ్ ఒకటే. కార్డులో ఆ ఒక్క మాటే ఉంటే మెషీన్‌కు ఏది చదవాలో ఎలా తెలుస్తుంది? వాక్యం ఇస్తే చాలావరకు సరిగ్గానే చదువుతుంది.

ఒంటరి మాటలకు మనిషి గొంతు వెతకండి. 2008 నుంచి నడుస్తున్న ఫోర్వో సైట్‌లో ఆయా భాషలవాళ్లే మాటలు పలికి పెడతారు. ఒకే మాటకు ఇద్దరు ముగ్గురు గొంతులుంటే అన్నీ తీసుకోండి. జపనీయులకు ఇంగ్లిష్ ర, ల తేడా నేర్పే ప్రయోగాలు 1990ల్లో జరిగాయి. చాలామంది గొంతులతో సాధన చేసినవాళ్లు ఎప్పుడూ వినని కొత్త మనిషి మాటల్లో కూడా ఆ తేడాను పట్టగలిగారు. ఒకే గొంతుకు అలవాటుపడితే ఆ గొంతే వస్తుంది, భాష రాదు. స్వరం మారితే అర్థం మారే చోట ఇది మరీ అవసరం. టోక్యో జపనీస్‌లో ‘అమె’ను పైనుంచి కిందికి పలికితే వాన, కిందినుంచి పైకి పలికితే మిఠాయి.

మనం పలికింది సరేనా కాదా చెప్పే యాప్‌లను సగమే నమ్ముతాను. చాలావాటికి అక్కడ ఏ మాట రావాలో ముందే తెలుసు, అందుకని అటూ ఇటూగా పలికినా టిక్కు పెట్టేస్తాయి. మీ గొంతు మీరే రికార్డు చేసుకుని అసలు గొంతు పక్కన పెట్టి వినండి. ఆంకీలో ఈ సౌకర్యం ఉంది. ఇబ్బందిగా ఉంటుంది, నిజమే, కాని ఏ టిక్కూ చెప్పనిది అప్పుడు తెలుస్తుంది.

తెలుగు లిపి అనే ఉచ్చు

మన లిపిలో ఎలా రాస్తే అలాగే చదువుతాం కాబట్టి ఏ భాష మాటయినా దాంట్లో పట్టేస్తుందని మనకో ధీమా. కార్డు మీద ఉచ్చారణ తెలుగులో రాసుకునే అలవాటు అందుకే. ఇంగ్లిష్‌లో తీగకూ (vine) ద్రాక్షసారాకూ (wine) వేర్వేరు మొదటి ధ్వనులున్నాయి. తెలుగులో రాయండి: వైన్, వైన్. జర్మన్‌లో ‘అప్పుడే’ (schon) అనే మాటకూ ‘అందమైన’ (schön) అనే మాటకూ తేడా ఒక్క అచ్చులో ఉంది, ఆ రెండో మాటలోని అచ్చుకు మనకు అక్షరమే లేదు. కొరియన్‌లో చందమామ, కూతురు, ముసుగు అనే మూడు మాటలు మొదటి హల్లు ఒక్కదానితోనే వేరవుతాయి, తెలుగులో రాయబోతే ద, త, థల మధ్య ఏది ఎక్కడ పెట్టాలో తేలదు. కళ్లు తెలుగు అక్షరం చూశాక చెవి అదే వింటుంది. మొదటివారం ఊతకర్రగా వాడుకుంటే వాడుకోండి (పైన ఆ జర్మన్ అంకెను నేనూ తెలుగులోనే రాశాను, ఇక్కడ వినిపించలేను కాబట్టి). తర్వాత చెరిపేసి ఆడియో పెట్టండి.

ఎవరికి ఏది

రోజుకు పావుగంట కూర్చోగలిగి, భాష ఏళ్ల తరబడి కావాలనుకుంటే: ఆంకీ, కొత్తవి పదికి మించకుండా, ప్రతి మాటకూ మనిషి గొంతు. కార్డు ముందువైపు అక్షరాలేవీ లేకుండా ఆడియో మాత్రమే ఉంచండి. చదవడం వచ్చేసి వినడం రాని నాలాంటివాళ్లకు ఈ ఒక్క మార్పు కొత్త యాప్ కొన్నంత తేడా చూపిస్తుంది.

కూర్చునే తీరికే లేకపోతే, నడక, పని, ప్రయాణం మధ్యలోనే కావాలంటే: ఖాళీ ఇచ్చే ఆడియో పాఠం, దానికి తోడు వారానికో సొంత రికార్డింగ్. మాటల సంఖ్య నెమ్మదిగా పెరుగుతుంది, నోరు మాత్రం త్వరగా తిరుగుతుంది. పరీక్ష నెత్తిమీదుంటే సెట్ల యాప్. అసలు రోజూ చేయగలనో లేదో తెలియనివాళ్లు ఆట యాప్‌తో నెలరోజులు గడపండి, తప్పేం లేదు.

రెండూ కలిపి చేసేవాళ్లకు నాదొక సలహా. ఆడియో పాఠంలో తడబడ్డ మాటలనే కార్డులుగా చేయండి. అప్పుడు రెండు చోట్లా వేర్వేరు మాటలు మోయాల్సిన పని ఉండదు.

ఇంకొకటి. ఆంకీలో ఏదైనా కార్డు నేర్చుకున్నాక 8 సార్లు తప్పితే దానికి ‘లీచ్’ అని ముద్ర వేస్తుంది, అంటే జలగ. మన టైమంతా పీల్చేస్తుంది కాబట్టి ఆ పేరు. అలాంటిదాన్ని తొమ్మిదోసారి అలాగే అడగడం వృథా, కార్డునే మార్చాలి. వినే కార్డుగా మార్చాక నా 47కు కూడా ఆ ముద్ర పడింది. ఇప్పుడు అది మోగగానే కాగితం మీద ఎడమవైపు ఒక అంకె పట్టేంత చోటు వదిలి 7 వేస్తాను, ‘ఫియర్‌ట్సిష్’ వినబడ్డాక వెనక్కి వచ్చి 4 నింపుతాను.